డిస్సింగర్ పిస్తోలు పక్కన అట్టముక్క

వెర్డా క్రైసర్‌కి కాలు ఒకచోట నిలవడం మానేసి పదకొండు నెలలైంది. కిందటి ఏప్రిల్‌లో భర్త లామర్ పోయినప్పటి నుంచీ అంతే. పొయ్యి మీద కాఫీ పెట్టి కర్టెన్లు ఉతకబోతుంది. కర్టెన్లు నీళ్లలో వేసి మెట్లు తుడవబోతుంది. మెట్ల మధ్యలో ఉండగా కాఫీ మాడిన వాసన వస్తుంది. తిండి సింకు దగ్గర నిలబడే తింటుంది, కిటికీలోంచి రోడ్డు మీద పోయే పాల లారీలు చూస్తూ. ఒక్కోరోజు మధ్యాహ్నం కారు తీసుకుని కొండ కింద చర్చి దాకా పోయి, బండి దిగకుండానే తిరిగొచ్చేస్తుంది.

"అమ్మా, ఈ ఇంట్లో కుర్చీలకి మేకులేమైనా లేచాయా?" అని అడిగింది కూతురు జనీన్. ఆమె పక్క ఊరి బడిలో వంటపని చేస్తుంది, శనివారాలు వచ్చిపోతుంది. "నేనొచ్చి గంటైంది. నువ్వు కూర్చోగా చూడలేదు."

"కూర్చుంటే పనెవరు చేస్తారు?"

"ఏ పని? మొన్న ఉతికిన కర్టెన్లే మళ్లీ ఉతుకుతున్నావు. పాపం, వాటికి పోగులు లేస్తున్నాయి."

వెర్డా ఇంకో కర్టెన్ పిండింది.

ఆమె పుట్టింది ఆ కౌంటీలోనే, ఉత్తరం కొండవాలులో బంగాళాదుంపలు పండించే ఇంట్లో. తొమ్మిదిమందిలో ఏడోది. పదో తరగతి మధ్యలో బడి మానేసి మేజోళ్ల మిల్లులో చేరింది. మేజోడు వేళ్ల దగ్గర కుట్టు కలపడం ఆమె పని. అక్కడ మిషన్లు బాగుచేసే కుర్రాడు లామర్. అందరికంటే ఆమె మిషనే ఎక్కువసార్లు చెడిపోయేది. చెడగొట్టేది తనేనని పెళ్లయ్యాక ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, చెవులు ఎర్రబడేదాకా నవ్వాడు. లామర్ అంత నవ్వడం ఆమె మళ్లీ చూసింది ఒకటి రెండుసార్లే.

పెళ్లయిన మూడో ఏడు అతను ఒక పొలం వేలంలో బకెట్ నిండా తలుపు బందులు కొన్నాడు. ఇంటికొచ్చి బకెట్ బోర్లిస్తే అడుగున ఒక పాత పిస్తోలు ఉంది. అంతే, ఆ పిచ్చి పట్టుకుంది. రెండొందల ఏళ్ల కిందట ఆ లోయల్లో తుపాకులు చేసే జర్మన్ కమ్మరులు ఊరికొకరు ఉండేవారు. వాళ్లు చేసినవి ఎక్కువగా పొడుగు తుపాకులే. ఎవరైనా వచ్చి అడిగితేనే పిస్తోలు చేసేవారు. పులిచారల మేపుల్ కర్ర, ఇత్తడి తొడుగులు, సగం దాకా ఎనిమిది పలకలుగా ఉండి తర్వాత గుండ్రబడే గొట్టం. అన్నీ చేత్తోనే. ఒకటున్నట్టు ఇంకొకటి ఉండదు. అలాంటివి వెతికితే ఏళ్లకి ఒకటి దొరుకుతుంది. లామర్‌కి ముప్ఫై ఆరేళ్లలో ఏడు దొరికాయి. వాటిలో అన్నిటికంటే గొప్పది హెన్రీ డిస్సింగర్ అనే కమ్మరి చేసింది, దాన్ని అందరూ డిస్సింగర్ అనే పిలిచేవారు.

వాటికోసం ఆమె ఎక్కని అటక లేదు, కూర్చోని వేలం లేదు. సముద్రం చూద్దామని బయల్దేరిన ప్రయాణం ఎవరో ముసలమ్మ ధాన్యపు కొట్టంలో ముగిసింది. వెర్డా సణిగేది, అయినా వెంట వెళ్లేది. ఇంట్లో అద్దాల బీరువాలో అవి వరసగా ఉండేవి. ప్రతి శుక్రవారం అద్దం తుడిచేది కానీ తలుపు తీసేది కాదు. చేతి చెమట ఇనుముకి విషమని లామర్ మొదట్లోనే చెప్పాడు. అతను చెప్పింది ఆమె అలాగే పాటించింది.

బీరువా తలుపు లోపలివైపు ఒక చీటీ అంటించి ఉంది. లామర్ ఉన్న పాత పిస్తోళ్ల సంఘంలో వాళ్లంతా అలా రాసిపెట్టుకుంటారు, తమ తర్వాత ఏది ఎవరికి ముందు చూపించాలో. బయటి వ్యాపారుల చేతిలో పడకూడదని. పెన్సిల్‌తో రాసిన ఆ చీటీలో మొదటి పంక్తి: "డిస్సింగర్ — ముందు విల్మర్‌కి."

జనవరిలో విల్మర్ బ్రాస్‌మన్ వచ్చాడు. లామర్‌కి నలభై ఏళ్ల స్నేహితుడు. జీవితమంతా పాల ట్యాంకరు తోలాడు, ఎడమ చెవి పనిచేయదు. అందుకని లోకంలో ఎవరికీ వినపడదన్నట్టు మాట్లాడతాడు. బూట్ల మంచు గుమ్మంలో దులిపి, వంటింట్లో కూర్చుని, ఆమె పెట్టిన మొలాసిస్ పాకం తీపి రొట్టె రెండు ముక్కలు తిన్నాక అసలు సంగతి కదిపాడు.

"సంఘం మార్చి ప్రదర్శనలో నా మూడు పిస్తోళ్లూ అమ్మేస్తున్నా వెర్డా. ఓహియో వాడొకడు మూడేళ్లుగా వాటి వెంట పడుతున్నాడు. ఆ డబ్బుతో లామర్ డిస్సింగర్ తీసుకుంటా."

"మూడూనా? మీ తాతది కూడానా?"

"తాతది కూడా. డిస్సింగర్ ముందు పెడితే నావన్నీ పెరట్లో పారా గునపం."

"డాటీ ఏమంది?"

"నా పెళ్లామా? నాతో మాట్లాడి వారమైంది. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో!"

వెర్డాకి నవ్వొచ్చింది. చాలా రోజులకి వచ్చిన నవ్వు. ఆ ఊపులోనే, ఊరికే మాట కలపడానికి అడిగింది. "అయినా దాన్లో అంత గొప్పేముంది విల్మర్? అన్నీ ఒకలాగే ఉంటాయి నా కంటికి."

"ఆఖ్! ముప్ఫై ఆరేళ్లు వాటితో కాపురం చేసి ఈ మాటా?" విల్మర్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "ఇవి చేసిన రోజుల్లో చెకుముకి రాయితో పేలేవి. రాయిని కరిచి పట్టుకునే వంకర ముక్క ఉంది చూడు, దాన్ని గుర్రం అంటాం. కింద మందు పోసే చిన్న పళ్లెం. తర్వాత వీళ్ల మనవల కాలానికి, కొడితే పేలే చిన్న రాగి టోపీలొచ్చాయి. వాన పడ్డా పేలతాయి. ఇంకేముంది, ఊరంతా కమ్మరి ఇంటికి పరిగెత్తి, గుర్రాలు పీకించి, పళ్లేలు కోయించి టోపీలకి మార్పించుకున్నారు. నూటికి తొంభై అలాగే పాడయ్యాయి. ఇప్పుడు మనవాళ్లు కొత్త గుర్రం, కొత్త పళ్లెం చేయించి మళ్లీ చెకుముకికి తిప్పుతుంటారు. తప్పేం లేదు, ప్రదర్శనలో పక్కన పెట్టే అట్టముక్క మీద ఆ సంగతి రాస్తే. కానీ లామర్‌ది అలా కాదు. డిస్సింగర్ చేత్తో బిగించిన గుర్రం అది. రెండొందల ఏళ్లలో ఎవడూ ముట్టలేదు."

"కొత్తదైతే తెలిసిపోదూ? మెరవదూ?"

"మంచి పనివాడైతే మెరవనిస్తాడా? ఉప్పేసిన వెనిగర్‌లో నానబెడతాడు, ఎండలో పెడతాడు, తుడుస్తాడు, మళ్లీ నానబెడతాడు. నెల తిరిగేసరికి రెండొందల ఏళ్ల ముసలిది. మనం కూడా అలాగే ముసలివాళ్లమయ్యాం కదా, ఊరగాయలు తిని తిని."

వెర్డా మూడో ముక్క కోస్తున్న కత్తి అక్కడే ఆగింది.

జనీన్ హైస్కూలు ముగించిన వేసవి. బీట్‌రూట్ నీళ్లలో గుడ్లు ఊరేసే పెద్ద గాజు సీసా కనపడలేదని ఇల్లంతా వెతికింది. చివరికి నేలమాళిగ కిటికీ గట్టు మీద, ఎండ పడేచోట దొరికింది. లోపల తుప్పు రంగు నీళ్లు. నీళ్లలో వంకర తిరిగిన చిన్న ఉక్కు ముక్క. "నా సీసా! దీన్లో ఇంకేం తింటాం?" అని అరిచింది. లామర్ మెట్ల మీద నిలబడి "ఇంకోటి కొనిస్తాలే" అన్నాడు. కొనిచ్చాడు కూడా. అక్కడితో ఆ సంగతి అయిపోయిందనుకుంది.

"విల్మర్," అంది మెల్లగా. "నువ్వెప్పుడైనా విప్పి లోపల చూశావా?"

"ఏంటీ?"

"విప్పి చూశావా అంటున్నా."

విల్మర్ మొహం మారింది. "స్నేహితుడి పిస్తోలుకి స్క్రూడ్రైవర్ పెట్టడమా? నువ్వు అబద్ధాలకోరువిరా అని మొహం మీద అన్నట్టు కాదూ అది! మన హాల్లో ఎవడైనా ఎవడిదైనా విప్పగా చూశావా నువ్వు? లామర్ చెప్పాడు, చాలు. అయినా మా అందరికీ ఆ కొత్త గుర్రాలు, పళ్లేలు చేసిపెట్టింది ఎవరు? అతనే కదా. చేసిన ప్రతిదాని లోపలివైపు ఎల్.కె. అని తన గుర్తు కొట్టి, కింద సంవత్సరం కొట్టేవాడు. రేపు ఎవడూ మోసపోకూడదని. అలాంటి మనిషి."

"అవును, అలాంటి మనిషే," అంది వెర్డా. అని లేచి, కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది.

ఆ రోజు నుంచి ఆమెకి ఇంట్లో ఉండటమే కష్టమైంది. పిస్తోళ్ల గదిలోకి వెళుతుంది, బయటికొస్తుంది. కర్టెన్లు, మెట్లు, కారు అన్నీ వదిలేసి ఆ ఒక్క గుమ్మం దగ్గరే తిరుగుతోంది. మర్చిపోయిన మాటొకటి ముల్లులా పైకి తేలింది. ఆ సీసా గొడవ జరిగిన కొన్నాళ్లకి, ఒక పొద్దున ఇదే వంటింట్లో ఆమె పెనం మీద పందిమాంసం స్క్రాపుల్ ముక్కలు వేయిస్తుంటే విల్మర్ వచ్చాడు. బల్ల మీద గుడ్డలో డిస్సింగర్ ఉంది. చూసి కేక పెట్టాడు. "ఒరేయ్ లామర్, గుర్రం పాతదేనా? ఎవడూ ముట్టలేదా?" లామర్ నోరు తెరిచాడు. తెరిచి, ఆమె వైపు చూశాడు. ఆమె పొయ్యి వైపు తిరిగి స్క్రాపుల్ తిరగేసింది. ఏం చూశాడో, ఎందుకు చూశాడో అప్పుడు పట్టించుకోలేదు. పెనం చిటపటల్లో విల్మర్ నవ్వు వినపడింది, లామర్ మాట వినపడలేదు. మాట అననే లేదేమో. అనకపోవడమే సరిపోయిందేమో.

ఆ తర్వాత ప్రతి మార్చిలో ప్రదర్శన హాల్లో ఆమె అతని పక్కన అల్లిక పట్టుకుని కూర్చునేది. అతను మాత్రం కూర్చునేవాడు కాదు. ఎవరైనా డిస్సింగర్ మీదికి వంగితే జేబులో తాళాలు గలగలలాడించుకుంటూ అటూ ఇటూ తిరిగేవాడు. గర్వం అనుకుంది. భర్త గర్వపడుతున్నాడని తనూ గర్వపడింది, పద్దెనిమిదేళ్లు.

ఒక మంగళవారం పొద్దున, ఇంకా మంచు కురుస్తుండగా, వెర్డా చేతులు కడుక్కుని, తుడుచుకుని, లామర్ నూలు చేతితొడుగులు వేసుకుని బీరువా తలుపు తెరిచింది. డిస్సింగర్‌ని వంటింటి బల్ల మీద దుప్పటి పరిచి పెట్టింది. అతను విప్పడం ఎన్నిసార్లు చూసిందో! గుర్రాన్ని సగం దాకా లాగి పెట్టాలి. స్క్రూ గాడికి సరిగ్గా సరిపడే మొన ఉన్న డ్రైవరే వాడాలి, లేకపోతే గీత పడుతుంది, ఆ గీత వందేళ్లు ఉంటుంది. నాలుగు డ్రైవర్లు పెట్టి చూసి అయిదోది సరిపోయాక ఊపిరి బిగబట్టి తిప్పింది. రెండు స్క్రూలు వచ్చాయి. గుర్రాన్నీ పళ్లేన్నీ పట్టి ఉంచే లాకు పలక చేతిలోకి ఊడి వచ్చింది.

కిటికీ వెలుతురులో పెట్టి చూసింది. పలక లోపలివైపు నల్లగా, ముసలి చేతిలా ముడతలుగా ఉంది. గుర్రం వెనకవైపు నున్నగా ఉంది. పళ్లెం అడుగు నున్నగా ఉంది. వెనిగర్ రంగు ఇచ్చింది కానీ రెండొందల ఏళ్ల ముడతలు ఇవ్వలేకపోయింది. ఎల్.కె. కోసం అద్దం పెట్టి వెతికింది. వేలితో తడిమింది. ఏమీ లేదు. ఊళ్లో అందరికీ కొట్టిచ్చిన గుర్తు, తన దానికి కొట్టుకోలేదు.

విల్మర్‌కి చెప్పాలి. చెప్పకపోతే అతను తాత పిస్తోలుతో సహా మూడూ ఓహియో వాడికి అమ్మేస్తాడు, ఇంటికి అబద్ధం పట్టుకుపోతాడు. చెబితే లామర్ పేరు పోతుంది. పోయిన మనిషి వచ్చి ఇదీ సంగతి అని చెప్పుకోలేడు. ఆ చీటీ ఎందుకలా రాశాడు? విల్మర్‌కి ముందు అని! మర్చిపోయాడా? తన అబద్ధాన్ని తనే నమ్మేంతగా అలవాటైపోయిందా? లేక ఈ పని ఆమె మీద పెట్టి పోయాడా? ఆలోచించే కొద్దీ కోపం వచ్చేది. కోపం వచ్చాక అతని కోటు తీసి దులిపి మళ్లీ అదే కొక్కేనికి తగిలించేది.

ఫోన్ చేసింది. "విల్మర్, ఆ గుర్రం సంగతి—"

"గుర్రమా? మంచులో గుర్రాలెక్కడివి? ఆమిష్ వాళ్ల గుర్రపు బండేమైనా ఇరుక్కుందా మీ రోడ్డు మీద? నేను రానా?"

"వద్దులే," అని పెట్టేసింది.

రెండోసారి చర్చి మెట్ల దగ్గర పట్టుకుంది. డాటీ పక్కనే ఉంది. మూడోసారి వాళ్లింటి దాకా వెళ్లింది. విల్మర్ తాత పిస్తోలుని ఒళ్లో పెట్టుకుని చివరిసారి మైనం రాస్తున్నాడు, చంటిపిల్లకి నూనె రాసినట్టు. వెర్డా ఊరగాయ సీసా ఇచ్చి తిరిగొచ్చేసింది.

మార్చి రెండో శనివారం. ప్రదర్శన పొద్దున ఎనిమిదికి. ఆరింటికి వెర్డా వంటింట్లో నిలబడి, బట్టల పెట్టె అట్ట ఒకటి కత్తిరించి, జనీన్ తెచ్చిన లావు పెన్నుతో రాసింది. రాయడం ఆమెకి అలవాటు లేదు. అక్షరాలు పంక్తి చివరికొచ్చేసరికి ఇరుకైపోయాయి.

జనీన్ చదివి కళ్లు తుడుచుకుంది. "నాన్న పేరేమవుతుందో ఆలోచించావా? మనిషి ఎలాగూ లేడు. ఆ పేరొక్కటే ఉంది మనకి."

"విల్మర్ ఉన్నాడుగా," అంది వెర్డా. "పద, కారు వేడెక్కింది."

ఊరి ఫైర్ స్టేషన్ హాల్లో ఆకుపచ్చ గుడ్డ కప్పిన బల్లలు వరసగా ఉన్నాయి. వెనక వంటింట్లో ఆడవాళ్లు కోడి, మొక్కజొన్న సూపు పెద్ద గిన్నెల్లో తిప్పుతున్నారు. బయటి జనం ఇంకా రాలేదు, సంఘంలో వాళ్లే ఉన్నారు. ఎదురు వరసలో విల్మర్ తన మూడూ పరిచాడు. ఓహియో వాడు అప్పుడే అక్కడ చేతులు వెనక కట్టుకుని వంగి ఉన్నాడు.

వెర్డా డిస్సింగర్‌ని మెత్త మీద పెట్టింది. పక్కన అట్టముక్క నిలబెట్టింది. దాని మీద ఇలా ఉంది: "హెన్రీ డిస్సింగర్ చేసినది. గుర్రం, మందుపళ్లెం కొత్తవి. లామర్ క్రైసర్ చేశాడు, 1991, మా ఇంట్లో. ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు."

ముందుగా చదివింది రే హాల్డెమన్. సంఘం అధ్యక్షుడు, వయసులో అందరికంటే చిన్న, బడిపంతులు. రెండుసార్లు చదివాడు. "మిసెస్ క్రైసర్, ఇది... మీకు కచ్చితంగా తెలుసా?"

"నేను విప్పి చూశాను."

"మీరా!"

"నేనే. గీత పడలేదు, చూసుకో."

అతను వెళ్లి ఇంకొకరికి చెప్పాడు, ఆయన పక్క బల్లకి చెప్పాడు. హాల్లో మాటలు తగ్గుతూ తగ్గుతూ వచ్చి, చివరికి సూపు గిన్నెలో గరిటె చప్పుడొకటే మిగిలింది. విల్మర్‌కి మాత్రం ఆ గుసగుసలు వినపడవు. వెర్డా లేచి, హాలు అడ్డంగా నడిచి, ఓహియో వాడికీ విల్మర్‌కీ మధ్య నిలబడింది.

"ఇవి అమ్మొద్దు విల్మర్."

"ఏంటీ?"

"అమ్మొద్దంటున్నా!" ఆమె గొంతు హాలంతా వినపడింది. ఆమె అంత గట్టిగా మాట్లాడగా అక్కడెవరూ ఎప్పుడూ వినలేదు. "ముందు అక్కడికెళ్లి ఆ అట్ట చదువు."

విల్మర్ వెళ్లాడు. కళ్లజోడు పెట్టుకుని చదివాడు. తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. తన బల్ల దగ్గరికి తిరిగొచ్చి, మూడు పిస్తోళ్లనీ ఒకదాని తర్వాత ఒకటి గుడ్డల్లో చుట్టడం మొదలెట్టాడు. ఓహియో వాడు ఏదో అనబోతే చేత్తో ఆగమన్నాడు.

వెర్డా తన చోటికి వచ్చేసింది. జనీన్ ఆమె చెయ్యి పట్టుకుంది. అప్పుడు ఇంకో మాట వచ్చింది. వస్తుందని ఆమె అనుకోని మాట. మూడో బల్ల దగ్గర బూడిదరంగు గడ్డం ఆయన పైకే అన్నాడు. "మరి నాది? నా పళ్లెం చేసింది కూడా లామరే. దాన్లో గుర్తుందని నాకేం తెలుసు? నేనూ ఎప్పుడూ విప్పలేదు."

ఆయన జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. ఆ హాల్లో అందరి ముందూ అలాంటి పని చేసిన వాళ్లు అంతవరకూ లేరు. అవతలి వరసలో ఇంకొకరు తీశారు. హాల్డెమన్ కూడా తలవంచుకుని తన దాన్ని బోర్లించాడు. లామర్ చెయ్యి పడ్డ ప్రతి బల్ల దగ్గరా తలలు వంగాయి, చిన్న స్క్రూలు గుడ్డల మీద పడ్డాయి. వెర్డాకి కూర్చుందామంటే కూర్చోలేక, బయటికి పోదామంటే పోలేక, బల్ల అంచు రెండు చేతులా పట్టుకుంది. ఒక్కదాన్లో గుర్తు లేకపోయినా చాలు. ఒక్క అట్టముక్కతో మనిషినంతా తుడిచేసినట్టే.

"ఉంది," అన్నాడు గడ్డం ఆయన. "ఎల్.కె., ఎనభై మూడు."

"నాదాంట్లో ఉంది."

"ఎనభై ఎనిమిది. ఎంత శుభ్రంగా కొట్టాడో చూడండి."

హాల్డెమన్ భూతద్దం పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఉంది మిసెస్ క్రైసర్. తొంభై ఏడు." అంటే డిస్సింగర్ తర్వాత ఆరేళ్లకి. అబద్ధం ఇంట్లో ఉండగానే అతను ఊళ్లోవాళ్లకి నిజం కొడుతూనే ఉన్నాడు.

జనీన్ ఏడ్చేసింది. వెర్డా ఏడవలేదు. ఆమె కళ్లు విల్మర్ మీద ఉన్నాయి. అతను చుట్టిన మూటల్లో ఒకటి మళ్లీ విప్పుతున్నాడు. తాతది. దాని గుర్రం పాతికేళ్ల కిందట లామర్ చేసిందే, అది అందరికీ తెలుసు. విల్మర్ లావు వేళ్లకి స్క్రూ దొరకడానికి సమయం పట్టింది. లోపల చూశాడు. చూసి, మళ్లీ బిగించి, పిస్తోలు చంకలో పెట్టుకుని నడిచి వచ్చాడు.

"నాదాంట్లో ఉంది," అన్నాడు.

"ఉంటుంది."

"నాకు ముందే చెప్పి ఉండాల్సింది నువ్వు."

"మూడుసార్లు చెప్పబోయాను. ఒకసారి నువ్వు వినిపించుకోలేదు."

"మిగతా రెండుసార్లు?"

"నాకు నోరు రాలేదు."

విల్మర్ డిస్సింగర్ వైపు చూడకుండా ఆ అట్టముక్క వైపే చూశాడు. "ఆ పొద్దున నేనే కేకలు పెట్టాను కదా. పాతదేనా, ముట్టలేదా అని. వాడు నోరు తెరిచే లోపు ఊరంతా చెప్పొచ్చాను. చెవిటి వెధవని." ముక్కు చీదుకున్నాడు. "అయినా చెప్పొచ్చు కదా వాడు. పద్దెనిమిదేళ్లు! ఎన్నిసార్లు చేపలు పట్టడానికి కలిసి పోయాం! ఆ చేపల దగ్గరైనా చెప్పొచ్చు కదా!"

"చెప్పాల్సింది," అంది వెర్డా. "నాకూ చెప్పాల్సింది."

తలుపులు తెరిచారు, బయటి జనం లోపలికి వస్తున్నారు. ఎవరో పిల్లాణ్ణి ఏదీ ముట్టుకోవద్దని కసురుతున్నారు. విల్మర్ అప్పుడు వంగి, అడగకుండానే, డిస్సింగర్‌ని రెండు చేతులతో పైకెత్తాడు. గుర్రం పక్కకి తిప్పి, వెలుతురుకి పట్టి, నాలుక చప్పరించాడు.

"దొంగ వెధవ. ఎంత బాగా చేశాడు!" అన్నాడు. "సరే. నేనిప్పటికీ తీసుకుంటా వెర్డా. మూడూ అమ్మక్కర్లేదు, ఒక్కటి చాలు, ఆ చిన్నది. ఇప్పుడు దీని ధర కూడా నాలాగే కుంగిపోయింది."

వెర్డా అతని చేతిలోంచి పిస్తోలు తీసుకుంది. తొడుగులు వేసుకోలేదు. మేపుల్ కర్ర చల్లగా ఉంది, కాసేపటికి ఆమె అరచేతి వేడికి చల్లదనం పోయింది. పిడి మీద పులిచారలు అటు తిప్పితే ఒక రంగు, ఇటు తిప్పితే ఒక రంగు.

"ఈ ఏడు కాదు విల్మర్."

"చీటీలో నా పేరే కదా ముందుంది?"

"ఉంది. నువ్వే ముందు. కానీ ఈ ఏడు కాదు." ఆమె బొటనవేలితో గుర్రం మెడ వంపు మెల్లగా తడిమింది, లామర్ ఆకురాయి పెట్టి అరగదీసిన చోట. "పద్దెనిమిదేళ్లు అద్దం తుడిచాను. దీన్ని నేనింకా సరిగ్గా చూడనే లేదు."